జడ్డిగం లోపలి దారి



మాట చెబితే బొమ్మ గీసిపెట్టే కృత్రిమ మేధ సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. పుట్టినరోజు ఫ్లెక్సీల మీద, శుభలేఖల మీద ఆ బొమ్మలు మన ఊళ్లలోకి ఎప్పుడో వచ్చేశాయి. ఈ పూట దాని తర్వాతి మెట్టు గురించి మాట్లాడతాను. మాట చెబితే చాలు, చుట్టూ తిప్పి చూడగలిగిన రూపాన్ని తయారుచేసే యంత్రాలు వచ్చాయి. పొడవు, వెడల్పులతో పాటు లోతు కూడా ఉన్న రూపం అది. త్రీడీ మోడల్ అంటున్నాం. "తొడిమతో ఉన్న ఎండుమిరపకాయ" అని టైపు చేస్తే కాసేపట్లో తెర మీద కాయ కనబడుతుంది. వేలితో నెడితే గిర్రున తిరుగుతుంది. పైనుంచి చూడొచ్చు, కింది నుంచి చూడొచ్చు. త్రీడీ ప్రింటరుంటే ప్లాస్టిక్కులో ప్రింటు తీయించి చేతిలోకి తీసుకోవచ్చు. సినిమాల వాళ్లు, వీడియో గేములు చేసేవాళ్లు, నగల డిజైన్లు గీసేవాళ్లు దీన్ని ఇప్పటికే పనిలో పెట్టుకున్నారు.

గుంటూరు, నరసరావుపేట, బాపట్ల, ఒంగోలు కాలేజీల్లో చదువుకునే మన పిల్లలకూ ఇది అందుబాటులోకి వచ్చింది. పత్తి, మిరప పండించే ఈ రేగడి నేల మనుషులకు దీనితో ఒక పని ఉంది. ఆ పని పెద్ద కంపెనీలు మనకు చేసిపెట్టేది కాదు. దాని గురించే ఈ ప్రసంగం.

ముందు యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. 2020లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ, శాన్ డియేగో శాఖల వాళ్లు, గూగుల్ వాళ్లు కలిసి 'నెర్ఫ్' అనే పద్ధతిని ప్రకటించారు. బెన్ మిల్డెన్‌హాల్, ప్రతుల్ శ్రీనివాసన్, రవి రామమూర్తి వంటి వాళ్లు ఆ బృందంలో ఉన్నారు. ఒక వస్తువు చుట్టూ తిరుగుతూ తీసిన ఫొటోలిస్తే, ఆ చోట గాలిలోని ప్రతి బిందువు దగ్గరా ఏ రంగుంది, ఎంత చిక్కదనముంది అనేది యంత్రం నేర్చుకుంటుంది. ఇక మనం ఫొటో తీయని కోణం నుంచి కూడా ఆ వస్తువును చూపించగలదు. అప్పటికింకా మాటలతో పనిలేదు, ఫొటోలు ఉండాల్సిందే.

రెండేళ్లు తిరిగేసరికి ఫొటోల అవసరం కూడా తీరిపోయింది. 2022 సెప్టెంబరులో బెన్ పూల్, అజయ్ జైన్, జొనాథన్ బారన్, మిల్డెన్‌హాల్ కలిసి 'డ్రీమ్‌ఫ్యూజన్' అనే పద్ధతిని బయటపెట్టారు. ఒక గాజుపెట్టెలో పొగ నింపి ఉందనుకోండి. యంత్రం ఏదో ఒక వైపు నుంచి ఆ పొగను చూసి ఒక బొమ్మగా తీస్తుంది. కోట్లకొద్దీ ఫొటోలు, వాటి కింద రాసిన మాటలు చూసి బొమ్మలు వేయడం నేర్చుకున్న మరో యంత్రం పక్కనే ఉంటుంది. ఈ బొమ్మ మిరపకాయకు దగ్గరగా రావాలంటే ఎక్కడ ఏం మారాలో అది చెబుతుంది. దాన్నిబట్టి పొగ ఒకచోట చిక్కబడుతుంది, ఇంకోచోట పలచబడుతుంది. తర్వాత ఇంకో వైపు నుంచి చూడటం, మళ్లీ దిద్దుకోవడం. అలా 15,000 సార్లు దిద్దితే, సుమారు గంటన్నరకు, పొగలోంచి కాయ తేలుతుంది. ఆ గంటన్నర ఆ తర్వాత నిమిషాలకూ, 2024కల్లా కొన్ని పద్ధతుల్లో ఒక్క ఫొటో ఇస్తే క్షణాలకూ తగ్గిపోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ సలహా చెప్పే యంత్రానికి తెలిసినవన్నీ చదునైన ఫొటోలే. మనుషులు ఫొటోలు ఎలా తీస్తారు? ముందు వైపు నుంచే కదా. మనిషి మొహం, కుక్క మొహం, కారు ముందు భాగం. వెనకవైపు ఎవరూ పెద్దగా తీయరు. అందువల్ల ఆ తొలి రోజుల్లో కుక్కను అడిగితే ముందొక మొహం, వెనకొక మొహం ఉన్న కుక్క వచ్చేది. ఎటునుంచి చూసినా ముందువైపే కనబడాలని యంత్రం తాపత్రయపడేది. రోమనుల రెండు మొహాల దేవుడి పేరు మీద పరిశోధకులు దీన్ని జేనస్ సమస్య అన్నారు.

ఇప్పుడది చాలావరకు తగ్గింది. ఎలా తగ్గిందంటే, యంత్రానికి అసలైన త్రీడీ నమూనాలనే చూపించి నేర్పడం మొదలుపెట్టారు. 2022 చివర్లో అమెరికాలోని అలెన్ ఇన్‌స్టిట్యూట్ 'ఆబ్జావర్స్' అనే పేరుతో 8 లక్షలకు పైగా నమూనాలను ఒకచోట చేర్చింది. మరుసటి ఏడాదికి అలాంటి మరో భాండాగారంలో ఆ సంఖ్య కోటి దాటింది. నమూనాలు ఎక్కువగా తయారుచేసేవాళ్లు ఏ దేశాల్లో ఉన్నారో, వాళ్ల ఇళ్లల్లో ఏ కుర్చీలున్నాయో, వాళ్ల పిల్లలు ఏ ఆటలు ఆడతారో అవే అందులో దండిగా ఉంటాయి. అడగండి, సోఫా అద్భుతంగా చేస్తుంది, వెనక కుట్లతో సహా. సోఫా వెనక ఎలా ఉంటుందో దానికి తెలుసు.

మన వస్తువుల వెనకవైపు దానికి తెలుసా?

కోటప్పకొండ తిరునాళ్లకు పల్నాడు ఊళ్లు కట్టే ప్రభలను తీసుకోండి. మహాశివరాత్రి రాత్రి విద్యుద్దీపాలతో వెలిగే ప్రభల ఫొటోలు ఇంటర్నెట్‌లో కుప్పలుగా ఉన్నాయి. దాదాపు అన్నీ ముందు నుంచి తీసినవే. ప్రభను నిలబెట్టే విద్య అంతా వెనకాలే ఉంది. వాసాలు, అడ్డకర్రలు, బిగించి కట్టిన మోకులు, బరువును ఎటూ ఒరగనీయకుండా బండి మీద కూర్చోబెట్టిన తీరు. ఆకాశమంత ప్రభ కొండ దాకా రోడ్డు మీద సాగిపోతుందంటే ఆ వెనకవైపు పనితనం వల్లే. యంత్రానికి ప్రభ గురించి చెప్పి చేయమంటే ముందు భాగం కళకళలాడుతుంది. వెనక్కి తిప్పితే అక్కడా దీపాలు, రంగులే పెట్టగలదు. కట్టు గురించి దానికి చెప్పిన మనిషి లేడు.

తెనాలి శిల్పులను అడగండి, ఇది వాళ్లకు పాత సమస్యే. చనిపోయిన పెద్దాయన విగ్రహం చేయమని ఊరివాళ్లు ఒక్క పాస్‌పోర్టు ఫొటో పట్టుకొస్తారు. శిల్పి ముందు అడిగేది పక్కనుంచి తీసిన ఫొటో ఉందా అని. లేకపోతే, ఆయన పోలికలున్న కొడుకునో మనవణ్నో తీసుకురమ్మంటాడు. మెడ వంపు, చెవి వెనక, భుజం వాలు, ఆ ఒక్క ఫొటోలో లేనివన్నీ ఎవరినైనా అడిగి తెలుసుకుంటాడు. బంకమట్టితో నమూనా అయ్యాక ఇంటివాళ్లను పిలిచి చూపిస్తాడు, దిద్దుతాడు, ఆ తర్వాతే మౌల్డు తీస్తాడు. యంత్రానికి ఈ అడిగే అలవాటు లేదు. తెలియనిచోట తనకు తెలిసిన వాటి సగటుతో పూడ్చేస్తుంది. పూడ్చినచోటు, తెలిసినచోటు రెండూ ఒకేలా నున్నగా మెరుస్తుంటాయి. చూసేవాడికి తేడా తెలియదు. నాకు భయం కలిగించేది ఇదే.

మా బంధువుల ఊరు వినుకొండ అవతల మెట్ట ప్రాంతంలో ఉంది. అక్కడ ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు ఈ యంత్రంతో గొర్రు చేయించాలని కూర్చున్నాడు. గొర్రు అంటే ఏమిటో పట్నం శ్రోతల కోసం ఒక్క మాట. ఎడ్లతో విత్తనం వేసే పనిముట్టు. అడ్డంగా ఒక బరువైన దుంగ, దానికి కింద మూడు పళ్లు, వాటికి ఇనప కర్రులు. ఒక్కో పంటి వెనక నుంచి ఒక్కో వెదురు గొట్టం పైకి లేస్తుంది. మూడు గొట్టాలూ పైన ఒక కొయ్య గిన్నెలోకి చేరతాయి. ఆ గిన్నెను జడ్డిగం అంటారు. విత్తనం పోసే మనిషి, ఎక్కువగా ఆడమనిషే, గొర్రు వెనకే నడుస్తూ గుప్పిట్లోంచి గింజలు జడ్డిగంలోకి జారవిడుస్తుంటుంది. అవి మూడు దారుల్లో విడిపోయి మూడు సాళ్లలో పడతాయి. జొన్న, సజ్జ, కంది అన్నీ దీంతోనే విత్తేవాళ్లు. వానాధారపు పొలాల్లో నారు పెంచకుండా మిరప కూడా గొర్రుతో విత్తిన రోజులున్నాయి.

కుర్రాడు మొదట పేరు మాత్రమే ఇచ్చాడు. ఇనప పళ్లున్న పలుగు లాంటిదేదో వచ్చింది. తర్వాత ఒక్కో భాగం వర్ణిస్తూ రాశాడు. దుంగ ఇంత పొడవు, పళ్లు మూడు, గొట్టాలు వెదురువి, పైన గిన్నె. రాసి రాసి, చివరికి చూడచక్కని రూపం తెప్పించాడు. వెదురు కణుపులు కూడా పడ్డాయి. పాత కొయ్య రంగు సరిగ్గా వచ్చింది. సంబరంగా ఫోను పట్టుకుని వడ్రంగి తాత దగ్గరికి పోయాడు, వెంట నేనూ ఉన్నాను. ఆ ఊళ్లో గొర్రు చేయడం తెలిసిన చివరి మనిషి ఆయనే.

"తాతా, ఇది చూడు. గొర్రే కదా?"

ఆయన ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. వేలితో ఎలా తిప్పాలో కుర్రాడు చూపిస్తే ఒక చుట్టు తిప్పాడు. "బానే చేసిందిరా అబ్బాయ్. కర్రు వంపు కూడా బానే ఉంది." ఇంకో చుట్టు తిప్పి, జడ్డిగంలోకి పైనుంచి తొంగి చూసి ఆగాడు. "మరి గింజ ఎటు పోద్దిరా?"

కుర్రాడు పెద్దది చేసి చూశాడు. గిన్నె అడుగు మూసుకుపోయి ఉంది. తలకిందులు చేస్తే గొట్టాల కింది కొనలూ మూసుకుపోయి ఉన్నాయి. వెదురు గొట్టాల్లా కనబడేవి లోపల గట్టి కడ్డీలు.

తాత ఇంట్లోకి పోయి అటక మీది పాత జడ్డిగం దించుకొచ్చాడు. దుమ్ము ఊదేసి, కుర్రాడి వేలు పట్టుకుని లోపలికి పెట్టించాడు. అడుగున మూడు రంధ్రాలు. మూడూ ఒకే కొలత. లోపలి అంచులు గాజులా నునుపు. "ఇక్కడ ఇంత పొట్టు లేచినా గింజ తట్టుకుంటది. ఒక దారి పూడిందనుకో, ఆ సాలంతా బోసి. విత్తిన పూట ఎవరికీ తెలవదు. మొలకొచ్చినాక చూసుకుని ఏడవాల." ఆ నునుపు ఎలా తేవాలో, గింజను బట్టి రంధ్రం ఎంత పెట్టాలో ఆయన చెబుతుంటే మేము వింటూ కూర్చున్నాం. గొర్రుకున్న విలువంతా ఆ లోపలి దారిలో ఉంది. పైకి కనబడేదంతా ఆ దారిని పొలం మీద నడిపించడానికే.

ఫొటోల నుంచి నేర్చుకున్న యంత్రానికి చర్మం తెలుస్తుంది, లోపల ఏముందో తెలియదు. ఎండుమిరపకాయ సంగతి కూడా అంతే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి సరుకు చూసే వ్యాపారి కాయను కళ్లతో చూసి ఊరుకోడు. గుప్పిట్లో పట్టి ఆరుదల చూస్తాడు, చెవి దగ్గర ఆడిస్తాడు, విరిచి గింజ రంగు చూస్తాడు, ఘాటు చూస్తాడు. తేజ రకమా, 334 రకమా, తాలు ఎంత కలిసింది అన్నవి ఆ విరుపులో తేలతాయి. తెర మీది కాయను విరిస్తే లోపల ఏమీ ఉండదు. వీడియో గేములో మిరపకాయకు అది చాలు. పనిముట్టుకు చాలదు.

మన నేల మీద త్రీడీ నమూనా అన్నది కొత్త మాటేమీ కాదు. నాగార్జునకొండ మ్యూజియం చూసినవాళ్లకు అక్కడి లోయ నమూనా గుర్తుండి ఉంటుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, దాని చుట్టూ ఉన్న విహారాలు, చైత్యాలు, ఘట్టాలు అన్నీ మునుగుతాయని అప్పటికే తెలుసు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఆ లోయంతా తవ్వింది. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీదికి, అనుపు అనే చోటికి తరలించి మళ్లీ కట్టారు. అనుపులో మెట్ల మీద కూర్చుంటే కింద మాట్లాడే మాట వినబడే రంగస్థలం ఇప్పటికీ ఉంది. అలా తెచ్చి పెట్టినదే అది. తేలేనివాటికి నమూనాలు చేశారు. లోయ మొత్తాన్ని, ఏ కట్టడం ఎక్కడ ఉండేదో చూపిస్తూ, మ్యూజియంలో పెట్టారు. ఈ రోజు ఆ లోయను చూడాలంటే ఆ నమూనాలోనే చూడాలి. అసలు లోయ నీళ్ల కింద ఉంది.

ఆ నీళ్లు 1967 నుంచి కుడి కాలువ మీదుగా 203 కిలోమీటర్లు ప్రవహించి గుంటూరు, ప్రకాశం పొలాలకు వచ్చాయి. మన పత్తికి, మిరపకు తడి పెట్టిన నీళ్లవి. మెట్ట పైర్లు తగ్గి, జొన్నచేలు తగ్గి, గొర్రు అటకెక్కడానికి కారణాల్లో ఆ నీళ్లు కూడా ఉన్నాయి. పోయేదేదో ముందే తెలిసి, కొలతలు తీసి, దాచిపెట్టి, ఆ తర్వాత నీళ్లు వదిలారు. నాగార్జునకొండ విషయంలో ఆ తరం చేసిన ఆ పనికి నేను ఎప్పుడూ చేతులెత్తి మొక్కుతాను.

అమరావతిలో అలా జరగలేదు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చాడు. కొత్త కట్టడాలకు రాళ్ల కోసం దీపాలదిన్నె అనే పాత స్తూపపు దిబ్బను తవ్వితే చెక్కడపు ఫలకాలు బయటపడ్డాయి. 1797లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో తన సర్వే మనుషులతో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు గుంట తవ్వి ఉంది. మిగిలిన ఫలకాలకు వాళ్లు ఓపికగా బొమ్మలు గీశారు. ఆ బొమ్మలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీసినవి మద్రాసుకు, అక్కణ్నుంచి 1859లో లండన్‌కు పోయాయి. ఫలకాల్లో కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. స్తూపం మాత్రం లేదు. సుమారు 50 మీటర్ల అడ్డకొలతతో ఉండిన అండం, అంటే గుమ్మటం, ఎంత ఎత్తుండేదో, పైభాగం ఎలా ముగిసేదో కొలిచిన మనిషి లేడు.

పండితులకు ఒక్క ఆధారం దొరికింది. స్తూపం చుట్టూ పెట్టిన ఫలకాల మీద శిల్పులు ఆ స్తూపం బొమ్మనే చెక్కారు. ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ఒక్కో దిక్కుకు అయిదేసి ఆయక స్తంభాలు, అండం మీద పూలదండల అలంకారం అంతా అందులో ఉంది. జేమ్స్ ఫెర్గుసన్ కాలం నుంచి ఇప్పటిదాకా అమరావతి స్తూపానికి గీసిన పునర్నిర్మాణ చిత్రాలన్నీ ఆ ఫలకాలను, దొరికిన రాళ్ల కొలతలను కలిపి ఆలోచించినవే. పండితులు ఒకరితో ఒకరు విభేదించారు కూడా. ఎక్కడ ఆధారముంది, ఎక్కడ ఊహ మొదలైంది అనేది వాళ్లు రాసిపెట్టారు. అలా రాసిపెట్టారు కాబట్టే తర్వాతివాళ్లు దిద్దగలిగారు.

ఇప్పుడు ఒక విద్యార్థి ఆ ఫలకం ఫొటో ఇచ్చి "దీన్ని పూర్తి స్తూపంగా చేయి" అని యంత్రాన్ని అడిగితే అందమైన స్తూపం వస్తుంది. దాన్ని చూసి పిల్లలు పులకించవచ్చు, అందులో తప్పులేదు. అయితే యంత్రం ఎక్కువగా చూసింది సాంచీని, బర్మా పగోడాలను. ఫలకంలో కనబడని వైపును వాటితోనే పూడుస్తుంది. ఆ రూపం పాఠ్యపుస్తకంలోకి, పర్యాటక బోర్డుల మీదికి పోయిందంటే రేపటి తరానికి అమరావతి అంటే అదే. రేపు తయారయ్యే యంత్రమూ దాన్నే చూసి నేర్చుకుంటుంది. అందుకని అలాంటి నమూనా ఎవరు చేసినా, దొరికిన రాయి ఉన్న భాగానికి ఒక రంగు, ఊహించిన భాగానికి ఇంకో రంగు వేయాలని నేను కోరుతున్నాను. పురావస్తు శాఖ వాళ్లు విరిగిన విగ్రహానికి అతుకు వేసేటప్పుడు అతుకు తెలిసేలా వేస్తారు. అదే పద్ధతి ఇక్కడా ఉండాలి.

రైతుకు నేరుగా పనికొచ్చే చోటు కూడా ఒకటి చెబుతాను. 2021లో మిరప పూతలోకి నల్ల తామర పురుగు దిగింది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని తోటలు పీకేశారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇండోనేషియా వంటి ఆగ్నేయాసియా దేశాల పురుగు అది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనబడింది. పెద్ద పురుగే ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. పూవు విదిలిస్తే అరచేతిలో నల్లటి నలుసులు పడతాయి. పాత తామర పురుగు ఆకుల మీద ముడత తెస్తే మందు కొట్టడం తెలిసిన రైతుకు, పూవు లోపల దాక్కున్న ఇది కొత్త శత్రువు. ఆ నలుసును అరచేయంత చేసి, చేతికిచ్చి, తిప్పి చూపించగలిగితే రైతుకు ఎంత తెలిసొస్తుంది! రెక్కలు ఈగ రెక్కల్లా పొరలుగా ఉండవు. సన్నటి పుల్లకు రెండు వైపులా వెంట్రుకల కుచ్చు ఉన్నట్టుంటాయి. నోట్లో ఎడమ దవడ ఒక్కటే పెరుగుతుంది, కుడిది ఉండదు. ఆ ఒక్క దవడతో పూవును గీరి రసం పీలుస్తుంది.

ఈ పురుగును మాటలతో అడిగితే యంత్రం రెండు దవడలూ సమానంగా పెట్టడానికే మొగ్గుతుంది. అది చూసిన జంతువుల్లో దాదాపు అన్నిటికీ కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి మరి. లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో మైక్రోస్కోపు కింద ఆ పురుగును రోజూ చూసే శాస్త్రవేత్త పక్కన కూర్చుని ఎడమ దవడ ఉంచి, కుడిది తీయించి, రెక్కకు కుచ్చు పెట్టిస్తే, రోజులు పట్టే నమూనా అదే యంత్రంతో త్వరగా అవుతుంది. ముడిరూపం యంత్రం ఇస్తుంది. తెలిసిన మనిషి దిద్దుతాడు. అలా చేసిన నమూనా రైతు సేవా కేంద్రంలో బల్ల మీద ఉంటే ఎంత బాగుంటుంది!

విరిగిన సామాన్ల విషయంలో మాత్రం జాగ్రత్త. స్ప్రేయరు నాజిల్ మూత పగిలితే మాట చెప్పి చేయించుకుందామని కొందరు కుర్రాళ్లు ప్రయత్నిస్తున్నారు. ఈ యంత్రమిచ్చే రూపానికి మిల్లీమీటర్లు ఉండవు. మరచుట్లు ఉన్నట్టు కనబడతాయి గానీ బిగుసుకోవు. అలాంటివాటికి వెర్నియర్‌తో కొలిచి క్యాడ్‌లో గీయడమే దారి. మందు కారితే చేతులు కాలేది రైతుకు.

ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ పిల్లలను నేను అడిగేది ఇది. మీ తాతల ఇళ్లలో గొర్రు, గుంటక, దంతె, అచ్చు వంటి పనిముట్లు ఇంకా అటకల మీద ఉన్నాయి. ఒక్కొక్కటే పొయ్యిలోకి పోతున్నాయి. చేయడం తెలిసిన వడ్రంగులు ముసలివాళ్లయిపోయారు. దుర్గిలో రాతిని చెక్కే శిల్పులు, ప్రభ కట్టే పెద్దలు, తోలుబొమ్మలాడించేవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల వస్తువులను కొలతలతో, లోపలి భాగాలతో త్రీడీలోకి ఎక్కించి, అందరికీ అందేలా ఉంచితే, ముందు ముందు వచ్చే యంత్రాలు వాటిని చూసే నేర్చుకుంటాయి. వాటికి మనం చూపించకపోతే ఇంకెవరూ చూపించరు.

పద్ధతి కష్టమేమీ కాదు. వస్తువును నీడలో, గచ్చు మీద పెట్టండి. ఎర్రటెండలో వద్దు, నీడలు గట్టిగా పడితే లెక్క చెడుతుంది. పక్కన అడుగు స్కేలు ఒకటి కదలకుండా పెట్టండి. మామూలు ఫోనుతో వస్తువు చుట్టూ మూడు చుట్లు తిరగండి, ఒకటి మోకాలి ఎత్తులో, ఒకటి నడుము ఎత్తులో, ఒకటి పైనుంచి కిందికి చూస్తూ. ఒక ఫొటోలో కనబడిన దాంట్లో సగానికి పైగా తర్వాతి ఫొటోలోనూ కనబడాలి. ఒక గొర్రుకు వంద ఫొటోలైనా ఫరవాలేదు. ఆ ఫొటోలను కలిపి రూపంగా మార్చే ఫొటోగ్రామెట్రీ సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. కర్రు అరిగి మెరుస్తుంటే కాస్త సుద్దపొడి అద్దండి, మెరిసే ఇనుమును అవి సరిగ్గా పట్టలేవు. ఆ తర్వాత ఆ వస్తువు వాడిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ భాగం ఏం చేస్తుందో ఆయన మాటల్లోనే రికార్డు చేయండి. ఆయన ఒప్పుకుంటేనే పేరు వేయండి. జడ్డిగం దగ్గరికి వచ్చేసరికి లోపలికి టార్చి వేసి, మూడు రంధ్రాలనూ విడివిడిగా, పైనుంచి ఒకసారి, గొట్టం కింది కొన నుంచి ఒకసారి తీయండి. ఒక్కో రంధ్రం అడ్డకొలత, అది ఏ గింజకు పెట్టినదో పక్కనే రాయండి.